పెళ్లి సంబంధానికి ఇస్తిఖారా: కల రాకపోతే జవాబు రానట్టేనా?

పెన్నా_ఒడ్డు:

అందరికీ సలాం. మాది కడప జిల్లాలో ఒక చిన్న పట్టణం. నాకు 26 ఏళ్లు, మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. రెండు నెలల క్రితం హైదరాబాదు నుంచి ఒక రిష్తా (పెళ్లి సంబంధం) వచ్చింది. ఇరువైపుల పెద్దలూ మాట్లాడుకున్నారు, మా అమ్మీ సమక్షంలో అబ్బాయీ నేనూ ఒకసారి చూసుకున్నాం, కాదనడానికి తగిన లోపం ఎవరికీ కనిపించలేదు. ఇక ఇస్తిఖారా (ఏది మేలో అది జరగాలని అల్లాహ్‌ను కోరే నమాజు, ప్రార్థన) చేసి జవాబు చెబుదామని అమ్మీ అనడంతో, ఇషా (రాత్రి నమాజు) తరువాత రెండు రకాతులు (నమాజు ఆవృత్తులు) చదివి, దుఆ (ప్రార్థన) చేసుకుని, ఆపైన ఎవరితోనూ మాట్లాడకుండా కుడివైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాను. ఏడు రాత్రులు గడిచాయి. పనికొచ్చే కల ఒక్కటీ రాలేదు. నాలుగో రాత్రి మా దుకాణంలో స్టాకు లెక్క తేలక తంటాలు పడుతున్నట్టు కలగన్నాను కానీ దాన్ని నేను పరిగణించడం లేదు.

ఇప్పుడు మా ఖాలా (పిన్ని), "నీకు రాకపోతే హజ్రత్ (మతగురువు) గారి చేత చేయిద్దాం, అబ్బాయి పేరూ వాళ్లమ్మ పేరూ ఫోన్లో చెబితే చాలు, రెండు రోజుల్లో చెప్పేస్తారు" అంటోంది. దానికి కొంత రుసుము కూడా ఉందట. అబ్బాయి వైపు వారు కూడా తాము ఇస్తిఖారాలో ఉన్నామనే అంటున్నారు. నేను అడగదలచినవి ఇవి. కల రాకపోతే జవాబు రానట్టేనా? నా బదులు వేరొకరు చేయవచ్చునా? నెలసరి వల్ల నమాజు లేని రోజుల్లో ఏం చేయాలి? అరబ్బీ చదవగలను కానీ అర్థం తెలియదు, అది లోపమవుతుందా?

మాజీ_ఖతీబ్:

వ అలైకుం సలాం అమ్మా. గుంటూరు జిల్లాలో ఒక మస్జిదులో చాలా ఏళ్లు జుమా ఖుత్బా (శుక్రవారపు ప్రసంగం) ఇచ్చినవాడిని. ఇదే ప్రశ్నను ఎన్నో కుటుంబాల నుంచి విన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇస్తిఖారాకు మూలం సహీహ్ బుఖారీ అనే గ్రంథంలో ప్రవక్త సహచరుడు జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ ఉల్లేఖించిన హదీసు (ప్రవక్త మాటల, చేతల కథనం). ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఖుర్ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా, అన్ని వ్యవహారాల్లోనూ ఇస్తిఖారా చేయడాన్ని మాకు నేర్పేవారని ఆయన అంటారు. మీలో ఎవరైనా ఒక పని తలపెట్టినప్పుడు ఫర్జ్ (తప్పనిసరి) కాని రెండు రకాతులు చదివి, ఆ తరువాత ఈ దుఆ చేయాలని అందులో ఉంది. "అల్లాహుమ్మ ఇన్నీ అస్తఖీరుక బిఇల్మిక, వ అస్తఖ్దిరుక బిఖుద్రతిక" అని మొదలయ్యే ఆ దుఆ మీకు వచ్చు కాబట్టి అర్థం మాత్రం నా మాటల్లో రాస్తాను.

"ఓ అల్లాహ్! నీ జ్ఞానాన్ని ఆసరా చేసుకుని నీ నుంచి మేలును కోరుతున్నాను, నీ శక్తిని ఆసరా చేసుకుని శక్తిని కోరుతున్నాను, నీ గొప్ప అనుగ్రహంలో నుంచి అర్థిస్తున్నాను. నీవు చేయగలవు, నేను చేయలేను. నీకు తెలుసు, నాకు తెలియదు. కంటికి కానరానివన్నీ ఎరిగినవాడవు నీవే. ఓ అల్లాహ్! ఈ పని నా ధర్మానికీ, నా జీవనానికీ, నా పర్యవసానానికీ మేలైనదని నీ ఎరుకలో ఉంటే దీన్ని నాకు రాసిపెట్టు, సులభం చెయ్యి, ఆపై ఇందులో బర్కత్ (శుభం) ఇవ్వు. ఇది వాటికి చెడు అయినదని నీ ఎరుకలో ఉంటే దీన్ని నా నుంచి మళ్లించు, నన్ను దీని నుంచి మళ్లించు. మేలు ఎక్కడున్నా దాన్ని నాకు రాసిపెట్టి, దానితో నన్ను తృప్తిపరచు."

ఇందులో "నాకు చూపించు" అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. కలలో చూపించమని గాని, రంగు చూపించమని గాని, గుర్తు పంపమని గాని లేదు. రాసిపెట్టు, సులభం చెయ్యి, మళ్లించు, తృప్తిపరచు అని మాత్రమే ఉంది. అంటే మనం అడుగుతున్నది కబురు కాదు, కార్యం. కబురు అడగనివాడికి కబురు రాలేదని బెంగ పడవలసిన అవసరం లేదు.

ఏడు రాత్రుల లెక్కకు ఆధారంగా చెప్పే ఉల్లేఖనను హదీసు పండితుడు హాఫిజ్ ఇబ్ను హజర్ చాలా బలహీనమైనదన్నారు. మూడుసార్లు చేయడానికి మాత్రం సహీహ్ ముస్లిం అనే మరో హదీసు గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. కాబాను పడగొట్టి తిరిగి కట్టాలా, మరమ్మతు చేస్తే చాలునా అన్న ప్రశ్న వచ్చినప్పుడు అబ్దుల్లాహ్ బిన్ జుబైర్, నేను నా ప్రభువుకు మూడుసార్లు ఇస్తిఖారా చేస్తాను, ఆ తరువాత నిర్ణయానికి వస్తానని అన్నారు. అక్కడ కూడా కల ప్రస్తావన లేదు. మూడు అయ్యాక నిర్ణయం ఉంది.

నమాజు లేని రోజుల్లో దుఆ మాత్రం చేసుకుంటే సరిపోతుంది, ఇమాం నవవీ ఆ మాట స్పష్టంగా రాశారు. ఇషా తరువాతే చేయాలన్న నియమం కూడా లేదు. ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) తరువాత సూర్యుడు పైకి వచ్చేదాకా, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, అసర్ (సాయంత్రపు నమాజు) తరువాత సూర్యాస్తమయం దాకా నఫిల్ (ఐచ్ఛిక నమాజు) చదవకూడదు కాబట్టి ఆ వేళలు తప్పించి ఎప్పుడైనా చదవవచ్చు. మాట్లాడకుండా పడుకోవడం, కుడివైపు తిరగడం వంటివి ఈ హదీసులో లేవు.

నల్లమల_నీడ:

ఖతీబ్ సాబ్ మీద గౌరవంతోనే ఒక మాట. మా ఇంట్లో నాలుగు తరాలుగా ఇస్తిఖారా చేసి పడుకోవడం ఉంది. తెలుపో పచ్చనో కనిపిస్తే మేలు, నలుపో ఎరుపో కనిపిస్తే వద్దని మా నానీ చెప్పేది. ఇది ఆమె కల్పించిన మాట కాదు. మన హనఫీ (సున్నీ ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటి) గ్రంథాల్లో ఎంతో ప్రామాణికమైన రద్దుల్ ముహ్తార్‌లో ఇబ్ను ఆబిదీన్ దీన్ని పెద్దల నుంచి విన్న మాటగా ఉదహరించారని మా మద్రసా ఉస్తాద్ చూపించారు. పైగా మంచి కల ప్రవక్తృత్వంలోని 46 భాగాల్లో ఒకటని బుఖారీలోనే ఉంది. నా నికాహ్ విషయంలో నేనే పచ్చని పొలం మధ్య నిలబడి ఉన్నట్టు కలగన్నాను. ఇవాళ్టికి పదకొండేళ్లు. అల్‌హమ్దులిల్లాహ్, ఆ పచ్చదనం వాడలేదు. కలలన్నిటినీ ఒక్క మాటతో కొట్టిపారేస్తే పెద్దల అనుభవం ఏమవుతుంది?

మాజీ_ఖతీబ్:

మీ సంసారం పచ్చగా ఉన్నందుకు సంతోషం భాయ్. మీరు చెప్పిన రెండు ఆధారాలూ నిజమే, నేను కాదనను. అయితే ఇబ్ను ఆబిదీన్ దాన్ని హదీసుగా పెట్టలేదు, మషాయిఖ్ (పెద్ద గురువులు) నుంచి విన్న మాటగానే పెట్టారు. అనుభవం నుంచి వచ్చిన మాటకు అనుభవానికి ఇవ్వవలసిన విలువ ఇస్తాం. కల గురించిన హదీసుకు తోడుగా సహీహ్ ముస్లింలో మరొకటి ఉంది. కలలు మూడు రకాలు, అల్లాహ్ నుంచి వచ్చే శుభవార్త ఒకటి, షైతాను బాధపెట్టేది ఒకటి, మనిషి తన మనసుతో తాను మాట్లాడుకునేది ఒకటి అని అందులో ఉంది. పెళ్లి కుదరాలనో తప్పిపోవాలనో పగలంతా ఆలోచించిన అమ్మాయికి రాత్రి వచ్చే కల మూడో రకం కాదని ఎవరు చెప్పగలరు?

కల వస్తే సంతోషించండి, తప్పులేదు. రాకపోతే ఇస్తిఖారా జరగలేదనుకోవడం తప్పు. నేను గీసే గీత అంతే.

కల లేనప్పుడు ఏం చేయాలన్నదాని మీద పెద్దల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. మనసు ఎటు తెరుచుకుంటే అటు వెళ్లాలని ఇమాం నవవీ అన్నారు. ఇస్తిఖారా చేశాక మనిషి తనకు కుదిరినట్టు ముందుకు సాగాలి, జరిగినదే మేలని ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలాం అన్నారు. ఆయన మాట ప్రకారం మనసులో ఏ ప్రత్యేకమైన అనుభూతీ కలగనవసరం లేదు. నాకు రెండోదే నచ్చుతుంది. ఎందుకంటే, అబ్బాయి అందంగా ఉంటే మనసు ఎలాగూ తెరుచుకుంటుంది, అది ఇస్తిఖారా ఫలితమో కళ్ల ఫలితమో తేల్చడం కష్టం.

ఒంగోలు_ఆపా:

ఇంతవరకు ధర్మశాస్త్రం చెప్పారు, చాలా బాగుంది. నేను మరొక వైపు నుంచి చెబుతాను, ఎవరైనా నొచ్చుకుంటే మన్నించండి.

మా చెల్లెలికి మూడేళ్లలో నాలుగు రిష్తాలు వచ్చి పోయాయి. నాలుగింటిలో మూడింటికి మాకు అందిన జవాబు ఒకటే, "ఇస్తిఖారా ఠీక్ నై ఆయా (ఇస్తిఖారా బాగా రాలేదు)." మొదటిసారి విన్నప్పుడు మా అబ్బా తలవంచి, అల్లాహ్ నిర్ణయం అన్నారు. రెండోసారి కూడా అన్నారు. మూడోసారి ఆ కుటుంబం మా ఇంటికి రెండుసార్లు భోజనానికి వచ్చి, చెల్లెలి జుట్టు పొడవు దగ్గర నుంచి డిగ్రీ మార్కుల దాకా అడిగి తెలుసుకుని, జోడే కీ రఖం (కట్నం డబ్బు) మాట ఎత్తగా మా అబ్బా మేము ఇవ్వలేమని చెప్పిన తరువాత నాలుగో రోజున ఇస్తిఖారా బాగా రాలేదని కబురు పెట్టింది. అదే నెలలో ఆ అబ్బాయికి కారుతో సహా నికాహ్ జరిగిందని మష్షాతా (పెళ్లి సంబంధాలు కుదిర్చే ఆమె) చెప్పింది.

ఆ రాత్రి మా చెల్లెలు నన్ను అడిగిన మాట ఇప్పటికీ మరచిపోలేను. "ఆపా, డబ్బు చాలదని వాళ్లు అని ఉంటే నేను వాళ్లను తప్పుపట్టేదాన్ని. అల్లాహ్ వద్దన్నాడని చెప్పారు కాబట్టి, నాలో ఏం చెడు ఉందో అల్లాహ్‌కే తెలియాలి అనిపిస్తోంది" అంది. ఇస్తిఖారా చేసేవాడు తన మేలు కోసం తాను అడుగుకుంటాడు. ఎదుటివాళ్ల ఇంటికి అది తీర్పు పత్రంగా ఎలా వెళుతుంది? ఈ పని నాకు చెడు అయితే మళ్లించమన్నది దుఆ. ఆ అమ్మాయి చెడ్డదని చెప్పమని కాదు కదా.

కాబట్టి పెన్నా ఒడ్డు చెల్లెమ్మా, అబ్బాయి వైపు వారు ఇస్తిఖారాలో ఉన్నామంటే సరే, ఉండనివ్వండి. రేపు వాళ్లు వద్దంటే అది వాళ్ల నిర్ణయం అనుకోండి, మీ గురించి ఆకాశం నుంచి దిగిన మాట అనుకోకండి.

పాతబస్తీ_గల్లీ:

ఆపా చెప్పింది నిజమే, మా హైదరాబాదులో ఇది మరీ ఎక్కువ. ఒక్కటి మాత్రం అబ్బాయిల వైపు నుంచి చెప్పనివ్వండి. మా తమ్ముడికి చూసిన ఒక సంబంధంలో అమ్మాయి తండ్రికి చాలా అప్పులున్నాయని తెలిసింది. ఆ మాట వాళ్ల ముఖం మీద చెప్పలేక మా అమ్మీ ఇస్తిఖారా మాట చెప్పింది. అవమానించకూడదన్న ఉద్దేశమే తప్ప మోసం చేయాలని కాదు. అయినా ఈ చర్చ చదివాక, "మాకు కుదరడం లేదు, మన్నించండి" అంటే సరిపోయేదని అనిపిస్తోంది. అల్లాహ్ పేరును మన మొహమాటానికి అడ్డం పెట్టుకున్నాం.

దారుల్‌షిఫా:

నేను షియా కుటుంబం నుంచి రాస్తున్నాను. ఇక్కడ చెబుతున్నదంతా అహ్లె సున్నత్ (సున్నీ) పద్ధతి కాబట్టి, మా వైపు సంగతి కూడా ఉంటే చదివేవారికి తికమక ఉండదు. మాలో తస్బీహ్ (జపమాల)తో ఇస్తిఖారా, ఖుర్ఆన్ తెరిచి చూసే ఇస్తిఖారా, ఆరు చీటీల ఇస్తిఖారా అనేవి ఉన్నాయి. తస్బీహ్ పద్ధతిలో దుఆ, సలవాత్ (ప్రవక్తపై దీవెనలు కోరే మాటలు) చదివి కొన్ని పూసలను పట్టుకుని రెండేసి చొప్పున లెక్కిస్తారు, చివర మిగిలినవి ఒకటా రెండా అన్నదాన్ని బట్టి అర్థం తీస్తారు. ఆలిమ్ (మత పండితుడు)ను అడిగి చేయించుకోవడం కూడా మాలో మామూలే. కాబట్టి మా ఇళ్లలో "ఇస్తిఖారా వచ్చింది, రాలేదు" అన్న మాటకు కొంత అర్థం ఉంది.

అయినా మా ఆలిములు కూడా చెప్పేది ఒకటే. ముందు బుద్ధితో ఆలోచించాలి, తెలిసినవారిని సంప్రదించాలి, అప్పటికీ ఎటూ తేలని సందిగ్ధం మిగిలితేనే తస్బీహ్ ముట్టాలి. బయోడేటా చదవకముందే తస్బీహ్ తిప్పేవారిని చూసి మా తాత, వీళ్లు అల్లాహ్‌ను సలహా అడగడం లేదు, శ్రమ తప్పించుకుంటున్నారు అనేవారు. బహుశా మీ చర్చకూ మా చర్చకూ తేడా పద్ధతిలోనే ఉంది, జబ్బు మాత్రం ఒకటే.

మాజీ_ఖతీబ్:

దారుల్‌షిఫా భాయ్, మర్యాదగా వివరించినందుకు కృతజ్ఞతలు. పద్ధతుల మీద వాదన ఇక్కడ పెట్టుకోవద్దు. రుసుము ప్రశ్నకు నేను జవాబు చెప్పకుండా వదిలేశాను, ఇప్పుడు చెబుతాను. ఇస్లాంకు ముందు అరబ్బులు ప్రయాణానికీ పెళ్లికీ అజ్లామ్ అనే బాణాలతో జోస్యం చూసుకునేవారు. అల్ మాయిదా సూరా 3వ ఆయత్ దాన్ని నిషేధించింది. ఆ బాణాల స్థానంలో అల్లాహ్ ఈ ఉమ్మత్ (ముస్లిం సమాజం)కు ఇస్తిఖారాను ఇచ్చాడని పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ రాశారు. పేరూ తల్లి పేరూ తీసుకుని రుసుముతో రెండు రోజుల్లో ఫలితం చెప్పేవారు ఆ బాణాల దుకాణాన్నే ఇస్తిఖారా బోర్డు కింద తెరిచినట్టు. మీ కోసం దుఆ చేయమని ఎవరినైనా అడగండి, అమ్మీని అడగండి, పుణ్యం. ఇస్తిఖారా మాత్రం పని తలపెట్టినవారే చేయాలని హదీసు మాటల్లోనే ఉంది. ఖాలాతో గొడవ పడకండి, నేనే చేస్తున్నాను, మీరు దుఆ చేయండి అని చెప్పండి.

డాలస్_తెలుగు:

పరదేశంలో ఉండే మాలాంటివారికి ఇస్తిఖారా కంటే ముందుండే కష్టం విచారణ. రిష్తా వెబ్‌సైట్లలో చూస్తాం, వీడియో కాల్లో అరగంట మాట్లాడతాం, ఆపైన రెండు రకాతులు చదివి సరేనంటాం. నా స్నేహితుడి చెల్లెలికి అలాగే జరిగింది. అబ్బాయికి అంతకుముందే ఒక నికాహ్ అయి విడాకులైన సంగతి ఇస్తిఖారాలో కనిపించలేదు. అదే ఊళ్లోని మస్జిదులో ఒక్క మనిషిని అడిగి ఉంటే కనిపించేది.

ఇక్కడ ఫాతిమా బిన్తె ఖైస్ ఉదంతం అందరికీ చెప్పాలనిపిస్తుంది. సహీహ్ ముస్లింలో ఉంది. ఆమెకు విడాకులై ఇద్దత్ (మళ్లీ పెళ్లికి ముందు ఆగవలసిన గడువు) పూర్తయ్యాక ముఆవియా, అబూ జహ్మ్ ఇద్దరూ పైగామ్ (పెళ్లి ప్రతిపాదన) పంపారు. ఆమె వెళ్లి ప్రవక్త (స)ను అడిగారు. ఆయన ఇస్తిఖారా చేసుకో, కల వస్తుంది అనలేదు. అబూ జహ్మ్ భుజం మీద నుంచి కర్ర దించడు, ముఆవియా ఆస్తి లేని పేదవాడు, ఉసామా అనే మరొకరిని చేసుకో అన్నారు. ఒకరి కొట్టే అలవాటు, ఒకరి ఆర్థిక స్థితి, రెండూ దాచకుండా చెప్పారు. ఆమెకు ఉసామా మొదట నచ్చలేదు. మళ్లీ చెప్పాక చేసుకున్నారు. అల్లాహ్ అందులో ఎంతో మేలు పెట్టాడని, తనను చూసి ఇతరులు అసూయపడేంతగా ఉన్నానని ఆమే తరువాత చెప్పుకున్నారు.

పెళ్లి విషయంలో సలహా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడం చాడీ కిందకు రాదని ఉలమా (మత పండితులు) తీసిన సూత్రానికి ఆధారం ఇదే. మన వాళ్లు మాత్రం, మనకెందుకు, వాళ్ల పెళ్లి చెడగొట్టిన పాపం అని నోరు కట్టుకుంటారు. అబ్బాయి జీతం, అప్పులు, వీసా, కోపం, నమాజు, ముందు పెళ్లి, తల్లిదండ్రుల ఆరోగ్యం అన్నీ అడగండి. ఇంటి యజమానిని అడగండి, కలిసి గది పంచుకున్నవాడిని అడగండి. గదిలో కలిసి ఉన్నవాడికి తెలిసినంత వాళ్ల అమ్మకు కూడా తెలియదు.

దూది_ఏకు:

మాది దూదేకుల కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పెన్నా ఒడ్డు గారు అరబ్బీ అర్థం గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. మా నాయనమ్మకు అరబ్బీలో ఫాతిహా, రెండు చిన్న సూరాలు తప్ప ఏమీ రావు. మా అత్తల పెళ్లిళ్లకు ముందు ఆమె రెండు రకాతులు చదివి, సలాం చెప్పాక ముసల్లా (నమాజు చాప) మీదే కూర్చుని, "సామీ, మాకు తెలవదు, నీకు తెలుసు, బిడ్డకు మంచిదైతే దగ్గర చెయ్యి, కాకపోతే నువ్వే అడ్డం పడు" అని తెలుగులో అడిగేది. ఊళ్లోకి కొత్తగా వచ్చిన హజ్రత్ ఒకాయన ఇది చెల్లదని చెప్పడంతో ఆమె ఎంతో బాధపడింది.

ఖతీబ్ సాబ్ రాసిన అర్థం చదివాక నాకు ఒళ్లు జలదరించింది. నీకు తెలుసు, నాకు తెలియదు అన్న మాట అందులో అక్షరాలా ఉంది. ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఇది చెల్లుతుందా, చెల్లదా అన్నది పెద్దలే చెప్పాలి.

మాజీ_ఖతీబ్:

నమాజు లోపల చదివేది అరబ్బీలోనే. ఈ దుఆ సలాం తరువాత చేస్తున్నాం కాబట్టి కాగితం చూసి చదువుకోవచ్చు, అరబ్బీ నేర్చుకునేదాకా దాని భావాన్ని తన భాషలో అడుగుకోవచ్చు. ప్రవక్త (స) నేర్పిన మాటల్లో ఉండే బర్కత్ వేరు కాబట్టి నేర్చుకునే ప్రయత్నం మానకూడదు. మీ నాయనమ్మ విషయంలో చెల్లదు అన్న పెద్దమనిషి, ముందు ఆమె పక్కన కూర్చుని నేర్పి ఉండవలసింది. ఆమె జీవించి ఉంటే నా సలాం చెప్పండి.

పెన్నా_ఒడ్డు:

అందరి జవాబులూ రెండేసిసార్లు చదివాను. చదువుతుండగా నేను దాచిన ఒక విషయం నాకే తెలిసివచ్చింది. అబ్బాయితో మాట్లాడిన రోజున ఆయన, "పెళ్లయ్యాక పని సంగతి తరువాత చూద్దాం" అన్నారు. తరువాత చూద్దాం అంటే మానేయమనా, హైదరాబాదులో వెతుక్కోమనా అని అడగాలనుకుని అడగలేదు. ఆ రోజు నుంచీ మనసులో ముల్లులా ఉంది. అమ్మీతో చెబితే, ఇస్తిఖారా చేస్తున్నావు కదా, అదే తేలుస్తుంది అంది. ఏడు రాత్రులూ నేను అల్లాహ్‌ను అడిగింది బహుశా ఈ ప్రశ్నే. అబ్బాయిని అడిగితే ఐదు నిమిషాల్లో తేలేదాన్ని.

ఒంగోలు_ఆపా:

చెల్లెమ్మా, అడగండి. ఈరోజే అడగండి, మీ అబ్బా లేదా అన్న ద్వారా అడిగించినా సరే. ఆయన ఒప్పుకుంటే ఉద్యోగం కొనసాగించే షరతును నికాహ్‌నామా (పెళ్లి ఒప్పంద పత్రం)లో రాయించండి. ముందుగా రాసుకున్న షరతుకు తరువాతి నోటిమాటకన్నా బలం ఎక్కువ. అడిగినందుకే రిష్తా పోతే, అడగకుండా కుదిరిన తరువాత ఏమయ్యేదో ఊహించుకోండి.

జైనబ్ బిన్తె జహ్ష్ గారికి స్వయానా ప్రవక్త (స) పైగామ్ అందినప్పుడు కూడా, నా ప్రభువును అడగనిదే ఏమీ చేయను అని లేచి తన నమాజు స్థలానికి వెళ్లారని సహీహ్ ముస్లింలో ఉంది. అంత గొప్ప రిష్తాకే ఆమె వెంటనే సరేననలేదు. మనకు మాత్రం, ఆలోచించి చెబుతాను అంటే అమ్మాయికి పొగరు అంటారు.

మనేర్_వాగు:

నాది కొంచెం చేదు ప్రశ్న. నేను అన్నీ చేశాను. విచారణ చేశాం, అన్నా, అబ్బా అందరూ వెళ్లి చూసి వచ్చారు, నేను వారం పాటు ఇస్తిఖారా చేశాను, అంతా సులువుగా జరిగిపోయింది. ఆ సులువే జవాబనుకున్నాను. పద్నాలుగు నెలలకు ఖులా (భార్య కోరి తీసుకునే విడాకులు) తీసుకుని పుట్టింటికి వచ్చాను. అప్పటి నుంచి రెండు రకాతులు చదవాలంటే చేతులు లేవడం లేదు. మేలు కాకపోతే మళ్లించమనే కదా అడిగాను, మరి ఎందుకు మళ్లించలేదు?

మాజీ_ఖతీబ్:

అమ్మా, దీనికి పుస్తకంలోని జవాబు చెప్పి తప్పించుకోలేను. మీకు అయిష్టమైనది మీకు మేలు కావచ్చు, మీకు ఇష్టమైనది మీకు చెడు కావచ్చు, అల్లాహ్‌కు తెలుసు, మీకు తెలియదు అన్న అల్ బఖరా 216వ ఆయత్ మీకూ తెలిసే ఉంటుంది. గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఆయత్‌ను కూడా రాయిలా విసరకూడదు.

నాకు అర్థమైనంత వరకు చెబుతాను. దుఆలో జీవనం ఒక్కటే లేదు, ధర్మం ఉంది, పర్యవసానం ఉంది. సుఖమైన కాపురాన్ని మాత్రమే మేలుగా లెక్కిస్తే ఆ మూడింటిలో ఒక్కదాన్నే చూసినట్టవుతుంది. మీ పర్యవసానం ఇంకా రాలేదు. పైన డాలస్ భాయ్ చెప్పిన ఫాతిమా బిన్తె ఖైస్ విడాకులు పొందిన స్త్రీయే, ఆమె తన మేలును చూసింది రెండో నికాహ్ తరువాత. ఇంకొక మాట, మీ భర్త చేసిన పనులకు ఆయనే బాధ్యుడు. మీ ఇస్తిఖారా ఆయన చేతులు కట్టేయలేదు, ఆయన తప్పు మీ నమాజు లోపం కాదు. చేతులు లేవకపోతే ఇవాళ లేవనక్కరలేదు, కూర్చుని నాకు తెలియదు అన్నా దుఆయే.

నల్లమల_నీడ:

మనేర్ వాగు ఆపా, మీ మాట చదివాక నా పచ్చని పొలం గురించి అంత ధీమాగా రాసి ఉండకూడదనిపించింది. మన్నించండి.

మనేర్_వాగు:

పరవాలేదు భాయ్. మీ పొలం పచ్చగానే ఉండాలి.

పెన్నా_ఒడ్డు:

అన్న ద్వారా అడిగించాం. పని మానవద్దు కానీ మొదటి సంవత్సరం హైదరాబాదులోనే వెతుక్కోవాలి, మీ ఊళ్లో ఉండిపోవడం కుదరదు అని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. షరతు రాయించడానికి అభ్యంతరం లేదన్నారు. వాళ్ల నాన్న మాత్రం కొంచెం ముఖం మాడ్చుకున్నారట. రేపు అన్నా, అబ్బా ఆయన పనిచేసే చోటికి వెళ్లి, ఆయనతో ఇంతకుముందు గదిలో ఉన్న ఇద్దరితో మాట్లాడి వస్తారు. నా మనసు ఇంకా ఎటూ తేలలేదు. అయినా ఈరోజు రాత్రి ఎనిమిదోసారిగా కాక మొదటిసారిగా చదువుతున్నాననుకుంటాను, అర్థం కాగితం మీద రాసుకున్నాను.

చివరగా ఒక చిన్న సందేహం ఖతీబ్ సాబ్. దుఆలో "ఈ పని" అన్నచోట అబ్బాయి పేరు చెప్పాలా, ఊరికే పెళ్లి అంటే చాలునా?

మాజీ_ఖతీబ్:

తన అవసరం ఏమిటో అక్కడ చెప్పాలని హదీసులోనే ఉంది అమ్మా. "ఫలానా వ్యక్తితో నా నికాహ్" అని పేరుతో చెప్పండి. హైదరాబాదుకు మారడం కూడా కలిసి ఉంది కాబట్టి అది కూడా చెప్పండి.